సోర్సు నుంచి బిల్డ్ చేసిన ప్రోగ్రాముకు లైబ్రరీ దొరకకపోతే ఏ పరిష్కారాన్ని ఎంచుకోవాలి?

ఉబుంటు 22.04లో ప్యాకేజీగా దొరికే టెసరాక్ట్ 4.1.1 వెర్షన్ కాబట్టి, తెలుగు పుస్తకాల స్కాన్‌ల నుంచి పాఠ్యాన్ని రాబట్టే పనికి ఐదో వెర్షన్ కావాలనుకునేవారు దాన్ని సోర్సు నుంచి బిల్డ్ చేసుకోవలసి వస్తుంది. కాన్ఫిగర్ సాఫీగా సాగుతుంది, మేక్ ముగుస్తుంది, సుడోతో మేక్ ఇన్‌స్టాల్ కూడా ఎక్కడా ఆగకుండా పూర్తవుతుంది. తీరా టెసరాక్ట్ అని కొట్టి ఎంటర్ నొక్కితే, షేర్డ్ లైబ్రరీలను (పలు ప్రోగ్రాములు కలిసి వాడే కోడ్ ఫైళ్లను) లోడ్ చేయడంలో లోపం వచ్చిందనీ, లిబ్‌టెసరాక్ట్.ఎస్ఓ.5 అనే ఫైలు తెరుచుకోలేదనీ, అలాంటి ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేదనీ టెర్మినల్ చెబుతుంది. ఆ ఫైలేమో /యూఎస్ఆర్/లోకల్/లిబ్ డైరెక్టరీలో కళ్లెదుటే ఉంటుంది.

ఈ స్థితిలో ఎవరిని అడిగినా వచ్చే సలహాలు ముఖ్యంగా మూడు. ఎల్‌డీకాన్ఫిగ్ నడపమని ఒకరు, ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అనే వేరియబుల్‌ను ఎక్స్‌పోర్ట్ చేయమని ఇంకొకరు, ఆర్‌పాత్ పెట్టి, అంటే లైబ్రరీ ఉన్న దారిని ప్రోగ్రాములోనే రాసిపెట్టి, మళ్లీ లింక్ చేయమని మరొకరు చెబుతారు. మూడింటిలో ఏది చేసినా ఎర్రరు పోతుంది కాబట్టి మొదట విన్నదాన్ని వాడేసి ముందుకు వెళ్లిపోతాం. అయితే మొదటిది యంత్రంలోని ప్రోగ్రాములన్నింటినీ తాకుతుంది, రెండోది ఆ షెల్ నుంచి మొదలయ్యే ప్రతి ప్రోగ్రామునూ తాకుతుంది, మూడోది ఆ ఒక్క ఫైలుతోనే ఆగుతుంది. ఎంపిక చేసేటప్పుడు చూడవలసింది ముందుగా ఈ పరిధినే అని నా అభిప్రాయం. ఎంత సులువుగా అవుతుందన్నది ఆ తర్వాతి మాట. ఇక్కడ కమాండ్ల పేర్లనూ దారులనూ పలికే తీరులో రాస్తున్నాను కాబట్టి, టైపు చేసేటప్పుడు వాటి అసలు రూపాలనే వాడాలి.

లింకరు చూసిన చోట లోడరు చూడదు

బిల్డ్ సమయంలో లైబ్రరీని వెతికేది లింకరు. దానికి పెద్ద ఎల్ ఫ్లాగ్‌తో ఏ డైరెక్టరీ చూపించినా అక్కడ వెతుకుతుంది, దొరికిన లైబ్రరీలోని ఎస్ఓనేమ్ అనే పేరును మాత్రమే ప్రోగ్రాములో రాసిపెడుతుంది. ఏ డైరెక్టరీలో దొరికిందన్న సంగతిని మామూలుగా రాయదు. ప్రోగ్రాము నడిచేటప్పుడు ఆ పేరు పట్టుకుని వెతికేది లోడరు, అంటే ఎల్‌డీ.ఎస్ఓ. దీనికి బిల్డ్‌నాటి ఫ్లాగ్‌ల సంగతేమీ తెలియదు. కంపైల్ అయిన ప్రోగ్రాము నడవకపోవడానికి కారణం చాలాసార్లు ఈ రెండింటి మధ్య ఉన్న ఎడమే తప్ప బిల్డ్‌లో తప్పు జరగడం కాదు.

లినక్సులో సాధారణంగా ఉండే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ. దానితో వచ్చే లోడరు వెతికే వరుస ఇది (ఇందులో వచ్చే రన్‌పాత్ కూడా ఆర్‌పాత్ లాగే ప్రోగ్రాములో రాసే దారే, తేడాలు తర్వాత చెబుతాను). ప్రోగ్రాములో రన్‌పాత్ లేకుండా ఆర్‌పాత్ మాత్రమే ఉంటే ముందు ఆ ఆర్‌పాత్‌ను, తర్వాత ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను, ఆ తర్వాత రన్‌పాత్‌ను, పిమ్మట /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.కాష్ అనే కాష్ ఫైలును (లైబ్రరీలు ఎక్కడున్నాయో రాసిపెట్టుకున్న జాబితాను), చివరికి /లిబ్, /యూఎస్ఆర్/లిబ్ వంటి స్థిర డైరెక్టరీలను చూస్తుంది. /యూఎస్ఆర్/లోకల్/లిబ్ ఆ స్థిర డైరెక్టరీల్లో లేదన్నది గమనించాలి. అక్కడి లైబ్రరీ దొరకాలంటే కాష్‌లో నమోదై ఉండాలి, లేదా వరుసలో అంతకంటే ముందున్న మూడు మార్గాల్లో ఏదో ఒకటి దాన్ని చూపించాలి. కింది పోలిక అంతా ఈ వరుస మీదే ఆధారపడి ఉంది.

ముందు రోగం ఏదో తేల్చుకోవాలి

దారి దొరకకపోవడం వేరు, దొరికిన లైబ్రరీ సరిపడకపోవడం వేరు. మొదటిదానికి వేసే మందు రెండోదానికి వేస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. ప్రోగ్రాము మీద ఎల్‌డీడీ నడిపితే కావలసిన లైబ్రరీలన్నీ వరుసగా వస్తాయి, దొరకనిదాని పక్కన దొరకలేదని రాసి ఉంటుంది. ఎక్కడినుంచో తెచ్చుకున్న, నమ్మకం లేని ఫైలు మీద ఎల్‌డీడీ నడపకూడదు, ఎందుకంటే కొన్ని సందర్భాల్లో అది ఆ ఫైలులోని కోడ్‌నే నడిపించే వీలుంది. అలాంటప్పుడు రీడ్‌ఎల్ఫ్‌కు చిన్న డీ ఫ్లాగ్ ఇచ్చి చూడడం క్షేమం. కావలసిన పేర్లతో పాటు, రాసి ఉన్న ఆర్‌పాత్ లేదా రన్‌పాత్ ఏదో కూడా అందులోనే కనిపిస్తుంది. ఇంకా లోతుగా చూడాలంటే ఎల్‌డీ_డీబగ్ వేరియబుల్‌కు లిబ్స్ అనే విలువ ఇచ్చి ప్రోగ్రామును నడిపితే, లోడరు ఏ డైరెక్టరీని ఏ కారణంగా చూసిందో, ఎక్కడ విఫలమైందో అడుగడుగునా అచ్చువేస్తుంది. ఊహలతో గంటలు గడిపే బదులు ఈ ఒక్క కమాండుతో ఐదు నిమిషాల్లో తేలిపోయిన సమస్యలు నా అనుభవంలో చాలా ఉన్నాయి.

ఫైలు అసలు యంత్రంలోనే లేకపోతే కింది ఎంపికలేవీ పనికిరావు. ఆ ప్యాకేజీని స్థాపించుకోవాలి. ఎల్ఫ్ క్లాస్ తప్పు అని వస్తే 64 బిట్ ప్రోగ్రాముకు 32 బిట్ లైబ్రరీ, లేదా దానికి తిరగేసి, దొరికిందని అర్థం. ఫలానా వెర్షన్ దొరకలేదు అని గ్లిబ్‌సీ పేరుతో వస్తే, ఆ ప్రోగ్రాము మీ యంత్రంలో ఉన్నదానికంటే కొత్త గ్లిబ్‌సీ మీద బిల్డ్ అయింది. ఉబుంటు 22.04లో 2.35 ఉంది, 20.04లో 2.31 ఉంది, 22.04లో బిల్డ్ చేసి 20.04కు తెస్తే ఈ సందేశం రావడంలో వింత లేదు. దీని విషయం చివర్లో చెబుతాను.

ఎల్‌డీకాన్ఫిగ్: సొంత యంత్రానికి సరైన మొదటి అడుగు

పైన చెప్పిన టెసరాక్ట్ ఉదాహరణకు సరైన జవాబు ఇదే. ఉబుంటులో /యూఎస్ఆర్/లోకల్/లిబ్ పేరు /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డీ కింద ఉన్న ఒక ఫైలులో ముందే రాసి ఉంటుంది. లోపించింది కాష్‌ను తాజా చేయడం ఒక్కటే. సుడోతో ఎల్‌డీకాన్ఫిగ్ ఒకసారి నడిపితే అది ఆ డైరెక్టరీలను చదివి, ఎస్ఓనేమ్ పేరుతో ఉండవలసిన సింబాలిక్ లింకులను సరిచేసి, కాష్‌ను మళ్లీ రాస్తుంది. ఇంతకంటే చిన్న పరిష్కారం మరొకటి లేదు.

రెడ్‌హ్యాట్ కుటుంబానికి చెందిన ఫెడోరా వంటి వాటిలో కథ కొంచెం మారుతుంది. అక్కడ /యూఎస్ఆర్/లోకల్/లిబ్ గానీ లిబ్64 గానీ ఆ జాబితాలో ముందుగా ఉండవు కాబట్టి ఎల్‌డీకాన్ఫిగ్‌ను ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఉండదు. ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డీ డైరెక్టరీలో .కాన్ఫ్‌తో ముగిసే పేరుతో ఒక ఫైలు పెట్టి, అందులో ఆ దారిని ఒక వరుసగా రాసి, ఆ తర్వాత నడపాలి. పేరు చివర .కాన్ఫ్ లేకపోతే ఆ ఫైలును చదవదు. చిన్న విషయమే గాని ఒక పూట తినేయగలదు.

ఉబుంటులోనూ ఇదే తికమక వచ్చే సందర్భం ఒకటుంది. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో 2021 సెప్టెంబరులో వచ్చిన 3.0ను 64 బిట్ ఇంటెల్ లినక్సు మీద మామూలుగా బిల్డ్ చేస్తే లైబ్రరీలు లిబ్‌లో కాక /యూఎస్ఆర్/లోకల్/లిబ్64లో పడతాయి. ఆ డైరెక్టరీ ఉబుంటు జాబితాలో లేదు. దాంతో, సిస్టమ్‌లో ఆ పేరుతో లైబ్రరీ లేని 20.04 వంటి విడుదలల్లో, ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కమాండు తన సొంత లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.3నే కనుక్కోలేక ఆగిపోతుంది. కాన్ఫిగర్ దశలోనే లిబ్‌డిర్ విలువను లిబ్ అని ఇచ్చి, ఇన్‌స్టాల్ అయ్యాక ఎల్‌డీకాన్ఫిగ్ నడిపితే ఎర్రరు పోతుంది గాని, ఇక్కడే ఎల్‌డీకాన్ఫిగ్ అసలు లోపం బయటపడుతుంది. ఉబుంటు 22.04లో సిస్టమ్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఎస్ఓనేమ్ కూడా అదే. కాష్‌లో /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌కు సిస్టమ్ డైరెక్టరీ కంటే ముందు స్థానం దక్కుతుంది కాబట్టి, మీరు ఒక ప్రోగ్రాము కోసం కట్టుకున్న లైబ్రరీని ఇకమీదట కర్ల్ మొదలుకొని ఓపెన్‌ఎస్ఎస్ఎల్ మీద ఆధారపడే సిస్టమ్ ప్రోగ్రాములన్నీ వాడడం మొదలుపెడతాయి. భద్రతా సవరణలు ఆప్ట్ ద్వారా సిస్టమ్ కాపీకి వస్తూనే ఉంటాయి, వాడుకలో ఉన్నది మాత్రం మీరు ఎప్పుడో బిల్డ్ చేసి మరచిపోయిన కాపీ.

కాబట్టి సిస్టమ్‌లో అదే పేరుతో మరో కాపీ లేని లైబ్రరీలకు ఎల్‌డీకాన్ఫిగ్ మంచి ఎంపిక. లిబ్‌టెసరాక్ట్.ఎస్ఓ.5 అలాంటిది, 22.04 ప్యాకేజీలో ఉన్నది ఎస్ఓ.4 కాబట్టి రెండూ కొట్టుకోకుండా పక్కపక్కనే ఉంటాయి. ఓపెన్‌ఎస్ఎస్ఎల్, లిబ్‌టిఫ్, జెడ్‌లిబ్ వంటివాటికి ఇది తగదు.

లైబ్రరీ పాత్ వేరియబుల్: అందరూ మొదట పట్టుకునేది, అన్నిటికంటే చివర వాడవలసినది

దీని మంచి గుణాలు ముందు చెప్పాలి. రూట్ అనుమతి అక్కరలేదు, మళ్లీ బిల్డ్ చేయనక్కరలేదు, వేసిన వెంటనే ఫలితం కనిపిస్తుంది. బిల్డ్ డైరెక్టరీలో ఉన్న కొత్త లైబ్రరీతో పాత ప్రోగ్రాము ఎలా నడుస్తుందో ఒకసారి పరీక్షించడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. అయితే అప్పుడు కూడా దాన్ని ఎక్స్‌పోర్ట్ చేయకుండా, ఆ ఒక్క కమాండుకు ముందు అదే వరుసలో రాయాలి. అలా రాస్తే దాని ప్రభావం ఆ ఒక్క నడకతో పోతుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే దాన్ని బాష్ఆర్‌సీలో, అంటే షెల్ మొదలైనప్పుడల్లా చదివే ఫైలులో, రాసి మరచిపోయినప్పుడు. నేను ఒకప్పుడు ఒక ప్రయోగం కోసం ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌ను హోమ్ డైరెక్టరీలో బిల్డ్ చేసుకుని ఆ దారిని అలాగే బాష్ఆర్‌సీలో పెట్టాను. కొన్ని వారాల తర్వాత, సిస్టమ్‌ను కొత్త విడుదలకు మార్చాక, గిట్ క్లోన్ చేయబోతే ఫలానా సింబల్ వెర్షన్ (లైబ్రరీలోని ఫంక్షన్ పేరుకు తగిలించిన వెర్షన్ గుర్తు) లేదని లోడరు ఆగిపోయింది. గిట్‌ను తీసేసి మళ్లీ పెట్టాను, కర్ల్‌ను తీసేసి మళ్లీ పెట్టాను, సాయంత్రానికి గాని బాష్ఆర్‌సీ గుర్తుకు రాలేదు. తప్పు గిట్‌ది కాదు, కర్ల్‌ది కాదు. నా షెల్ నుంచి పుట్టిన ప్రతి ప్రోగ్రాముకూ నేనే నా లైబ్రరీని తినిపిస్తూ వచ్చాను.

ఇది పనిచేయని చోట్లు కూడా చాలానే ఉన్నాయి. సెట్‌యూఐడీ ఉన్న ప్రోగ్రాములకు (నడిపినవారి అనుమతులతో కాక ఫైలు యజమాని అనుమతులతో నడిచేవాటికి) భద్రత కోసం లోడరు ఈ వేరియబుల్‌ను పట్టించుకోదు. సుడో ద్వారా నడిపినవాటికీ ఇది చేరదు. సిస్టమ్‌డీ సేవలూ క్రాన్ పనులూ మీ బాష్ఆర్‌సీని చదవవు కాబట్టి టెర్మినల్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రాము రాత్రి క్రాన్‌లో చతికిలబడుతుంది. మరొకటి చాలామంది గమనించరు. పాత విలువ ఖాళీగా ఉన్నప్పుడు కొత్త దారి తర్వాత కోలన్ పెట్టి పాత విలువను అతికిస్తే చివర ఖాళీ భాగం మిగులుతుంది, ఖాళీ భాగం అంటే లోడరుకు ప్రస్తుత డైరెక్టరీ అని అర్థం. ఎవరిదో డౌన్‌లోడ్‌ను విప్పిన డైరెక్టరీలో నిలబడి ఎల్ఎస్ కొట్టినా, అక్కడ లిబ్‌సీ పేరుతో ఫైలు ఉంటే లోడరు దాన్నే తీసుకోబోతుంది.

ఆర్‌పాత్, రన్‌పాత్: రూట్ లేనివారికీ, జాగ్రత్తపరులకూ

విశ్వవిద్యాలయంలో పంచుకుని వాడే సర్వరు మీద పనిచేసే విద్యార్థికి సుడో ఉండదు. హోమ్ డైరెక్టరీలో లోకల్ అనే డైరెక్టరీ చేసుకుని, కాన్ఫిగర్‌కు ప్రిఫిక్స్‌గా, అంటే ఇన్‌స్టాల్ చేయవలసిన చోటుగా, దాన్నే ఇచ్చి టెసరాక్ట్‌నూ దానికి కావలసిన బొమ్మల లైబ్రరీ లెప్టోనికానూ బిల్డ్ చేస్తే, దారిని ప్రోగ్రాములోనే రాసిపెట్టడం ఉత్తమం. లింకింగ్ ఫ్లాగ్‌లు ఉంచే ఎల్‌డీఫ్లాగ్స్ వేరియబుల్‌లో, డబ్ల్యూఎల్ అనే ఫ్లాగ్ ద్వారా ఆర్‌పాత్‌ను లింకరుకు అందిస్తే సరిపోతుంది. ఆ ప్రోగ్రాము ఏ షెల్ నుంచైనా, క్రాన్ నుంచైనా, వేరే వాడుకరి పిలిచినా, ఫైళ్లు చదివే అనుమతి ఉన్నంతవరకు నడుస్తుంది. పక్క ప్రోగ్రాము దేనికీ దీని వాసన తగలదు.

లైబ్రరీలను బిల్డ్ చేసిపెట్టే సాధనం లిబ్‌టూల్. దాన్ని వాడే ప్రాజెక్టుల్లో, సిస్టమ్ జాబితాలో లేని ప్రిఫిక్స్ ఇచ్చినప్పుడు సాధారణంగా ఈ పనిని లిబ్‌టూల్ తానే చేసిపెడుతుంది. మేక్ ఇన్‌స్టాల్ వేళ రెండు గీతల మధ్య అది అచ్చువేసే పొడవాటి సందేశంలో పైన చెప్పిన మార్గాలన్నీ ఉంటాయి, చదివేవాళ్లే అరుదు. మరో బిల్డ్ సాధనం సీమేక్ అలవాటు దీనికి భిన్నం. బిల్డ్ డైరెక్టరీలో ఉన్నంతసేపు ప్రోగ్రాములో ఆర్‌పాత్ ఉంచుతుంది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాన్ని తుడిచేస్తుంది. బిల్డ్ డైరెక్టరీలో నడిచింది గదా, ఇన్‌స్టాల్ చేశాక ఎందుకు నడవదు అని బుర్ర బద్దలు కొట్టుకునేవారికి కారణం ఇదే. సీమేక్_ఇన్‌స్టాల్_ఆర్‌పాత్ విలువ ఇస్తే ఇన్‌స్టాల్ తర్వాత కూడా దారి నిలుస్తుంది.

ఆర్‌పాత్‌కూ రన్‌పాత్‌కూ తేడా రెండు విషయాల్లో ఉంది. ఆర్‌పాత్ లైబ్రరీ పాత్ వేరియబుల్ కంటే ముందు వస్తుంది కాబట్టి బయటినుంచి దాన్ని తప్పించలేం. రన్‌పాత్ తర్వాత వస్తుంది కాబట్టి పరీక్షల కోసం తప్పించవచ్చు. రెండో తేడాతోనే పేచీ. ఆర్‌పాత్ ఆ ప్రోగ్రాము కోరిన లైబ్రరీలకే కాక అవి కోరే లైబ్రరీలకూ వర్తిస్తుంది; రన్‌పాత్ నేరుగా కోరినవాటికి మాత్రమే వర్తిస్తుంది. టెసరాక్ట్ ప్రోగ్రాములో రన్‌పాత్ ఉన్నా, లెప్టోనికా తన వంతుగా మీరు హోమ్ డైరెక్టరీలోనే బిల్డ్ చేసిన లిబ్‌వెబ్‌పీని కోరితే, ఆ వెతుకులాటలో టెసరాక్ట్ రన్‌పాత్‌ను లోడరు చూడదు. లెప్టోనికా ఫైలులోనే రన్‌పాత్ ఉండాలి. ఉబుంటు లింకరు ఆర్‌పాత్ అని అడిగినా రన్‌పాత్‌నే రాస్తుంది, కాబట్టి ప్రతి లైబ్రరీనీ అదే ఎల్‌డీఫ్లాగ్స్‌తో బిల్డ్ చేయడం మంచి అలవాటు. పాత పద్ధతే కావాలంటే న్యూ డీట్యాగ్స్‌ను నిలిపివేసే ఫ్లాగ్ లింకరుకు ఇవ్వాలి.

దీనికున్న లోపం దారి గట్టిపడిపోవడం. డైరెక్టరీని మరోచోటికి జరిపితే ప్రోగ్రాము ఆగిపోతుంది. ప్రోగ్రామునూ లైబ్రరీలనూ ఒకే మూటగా మరో యంత్రానికి పంపాలనుకుంటే ఆరిజిన్ అనే గుర్తును వాడాలి. లోడరు దాన్ని ఆ ఫైలు ఉన్న డైరెక్టరీగా అర్థం చేసుకుంటుంది. దాని ముందు డాలర్ గుర్తు ఉంటుంది గనక షెల్‌లో ఒంటి కొటేషన్లలో పెట్టాలి, మేక్‌ఫైలులో డాలర్‌ను రెండుసార్లు రాయాలి. ఇప్పటికే బిల్డ్ అయిపోయిన ఫైలుకు ప్యాచ్‌ఎల్ఫ్‌తో దారిని మార్చవచ్చు. సీహెచ్ఆర్‌పాత్ కూడా మారుస్తుంది గాని ఉన్న దారి పొడవుకు మించి రాయలేదు.

పైథాన్‌ను బిల్డ్ చేసేవారికి ఈ ఎంపిక మరీ అక్కరకు వస్తుంది. ఎనేబుల్ షేర్డ్ ఇచ్చి బిల్డ్ చేశాక లిబ్‌పైథాన్ దొరకలేదనే ఎర్రరు చాలామందికి పరిచితమే. 3.10 నుంచి పైథాన్‌కు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1 లేదా అంతకంటే కొత్తది కావాలి. పాత సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 1.0.2 కాబట్టి, కొత్త కాపీని /ఆప్ట్ కింద విడిగా బిల్డ్ చేసి, కాన్ఫిగర్‌కు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ దారితో పాటు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఆర్‌పాత్ విలువను ఆటో అని ఇస్తే, సిస్టమ్‌లోని మరే ప్రోగ్రామూ దెబ్బతినకుండా పని పూర్తవుతుంది.

మిగిలిన దారులు

స్టాటిక్ లింకింగ్ ఎర్రరును మూలంలోనే తీసేస్తుంది. ఒక చిన్న పనిముట్టును పది యంత్రాలకు పంచాలంటే అది సబబే; ఆటోటూల్స్ ప్రాజెక్టుల్లో డిజేబుల్ షేర్డ్ ఇస్తే ఆ ప్రాజెక్టు సొంత లైబ్రరీలు ప్రోగ్రాములోనే కలిసిపోతాయి. ఆ లైబ్రరీలో లోపం బయటపడిన ప్రతిసారీ మళ్లీ బిల్డ్ చేసే ఓపిక ఉండాలి.

ఇంకో సలహా తరచుగా వినిపిస్తుంది: అడిగిన పేరుతో సింబాలిక్ లింక్ పెట్టేయమని. లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1 లేదంటే ఉన్న ఎస్ఓ.3కు ఆ పేరుతో లింక్ పెట్టమంటారు. దీన్ని ఎవరికీ సిఫారసు చేయను. ఎస్ఓనేమ్‌లోని ఆ సంఖ్య మారిందంటే లైబ్రరీ లోపలి ఒప్పందం మారిందని దాన్ని రాసినవారే చెబుతున్నారు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ విషయంలో సింబల్ వెర్షన్లు ఉన్నాయి కాబట్టి ప్రోగ్రాము మొదట్లోనే ఆగిపోతుంది. అలాంటివి లేని లైబ్రరీలైతే నడిచినట్టే నడిచి, డేటాను పాడుచేసే ప్రమాదం ఉంది. ఫైలును /యూఎస్ఆర్/లిబ్‌లోకి కాపీ చేయడం కూడా ఈ కోవలోదే. ప్యాకేజీ మేనేజరుకు తెలియని ఫైలు అక్కడ ఎప్పటికీ ఉండిపోతుంది.

మ్యాక్ వాడేవారికి ఒక మాట. అక్కడి డీవైఎల్‌డీ_లైబ్రరీ_పాత్ వేరియబుల్‌ను 2015లో ఎల్ కాపిటన్‌తో వచ్చిన రక్షణ వ్యవస్థ సిస్టమ్ ప్రోగ్రాములకు చేరనీయదు. షెల్ స్క్రిప్టుల గుండా వెళ్లేటప్పుడు అది మాయమైపోతుంది. అక్కడ ఆర్‌పాత్‌నూ, ఇన్‌స్టాల్_నేమ్_టూల్‌నూ నమ్ముకోవడమే మేలు. ఎల్‌డీడీకి బదులు ఓటూల్‌కు పెద్ద ఎల్ ఫ్లాగ్ ఇచ్చి చూడాలి.

ఎవరికి ఏది

సొంత లాప్‌టాప్‌లో, సిస్టమ్‌లో జంట లేని లైబ్రరీకి ఎల్‌డీకాన్ఫిగ్. సొంత యంత్రమే అయినా సిస్టమ్‌లో అదే పేరుతో లైబ్రరీ ఉంటే /ఆప్ట్ కింద విడి ప్రిఫిక్స్, రన్‌పాత్. రూట్ లేని సర్వరులో హోమ్ ప్రిఫిక్స్, రన్‌పాత్. మరొకరికి పంపే మూటకు ఆరిజిన్‌తో రన్‌పాత్. ఒక్కసారి పరీక్షించి చూడడానికి మాత్రమే లైబ్రరీ పాత్ వేరియబుల్. మీరు కట్టని, సోర్సు చేతిలో లేని ప్రోగ్రామైతే ప్యాచ్‌ఎల్ఫ్ వాడవచ్చు, లేదా ఆ వేరియబుల్‌ను పెట్టి ప్రోగ్రామును పిలిచే రెండు వరుసల స్క్రిప్టు రాసుకోవచ్చు. స్క్రిప్టు రాసుకోవడం నాకు సమ్మతమే, ఎందుకంటే వేరియబుల్ ఆ ప్రోగ్రామునూ అది పుట్టించే పిల్లలనూ దాటి బయటికి రాదు.

గ్లిబ్‌సీ వెర్షన్ చాలదన్న సమస్యకు పై వాటిలో ఏదీ మందు కాదు. కొత్త లిబ్‌సీ ఫైలును తెచ్చి లైబ్రరీ పాత్‌లో పెడితే, లోడరూ లిబ్‌సీ జతగా రావలసినవి కాబట్టి, ఎల్ఎస్ కూడా నడవని స్థితి వస్తుంది. సిస్టమ్ ఫైలు మీదే రాసేస్తే యంత్రం మళ్లీ లేవకపోవచ్చు. సోర్సు చేతిలో ఉంటే ఆ పాత యంత్రం మీదే, లేదా అంతే పాత పంపిణీ ఉన్న కంటెయినర్‌లో బిల్డ్ చేయాలి. సోర్సు లేకపోతే కొత్త పంపిణీ ఉన్న కంటెయినర్‌లో ప్రోగ్రామును నడుపుకోవాలి.

ఏ దారి ఎంచుకున్నా, పని అయిందనుకునే ముందు కొత్త టెర్మినల్ తెరిచి, ఎన్వీ కమాండుకు చిన్న ఐ ఫ్లాగ్ ఇచ్చి వేరియబుల్స్ అన్నీ ఖాళీ చేసిన స్థితిలో ఎల్‌డీడీని మళ్లీ నడపాలి. ప్రతి లైబ్రరీ పక్కన కనిపించే దారి మీరు అనుకున్నదేనా అని చూడాలి. వాటిలో ఏ ఒక్కటైనా ఇంకా బిల్డ్ డైరెక్టరీని చూపిస్తుంటే, డిస్కులో చోటు కోసం ఆ డైరెక్టరీని తుడిచిన రోజున ఇదే ఎర్రరు మళ్లీ వస్తుంది.